బయటి డిస్కు లోపల పెట్టు

తూకమ్మ ఆఫీసు మెట్లు ఎక్కి వచ్చిన మనిషి నోరు తెరవలేదు. మెడకు మెత్తటి గుడ్డ చుట్టుకుని, చంకలో ఒక పలక పెట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని గుమ్మంలో నిలబడ్డారు. వెనకాలే ఆయన భార్య, ఆయాసపడుతూ. తూకమ్మ దగ్గర పనిచేసే టైపిస్టు కుర్చీ లాగాడు. ఆయన కూర్చోలేదు. పలక మీద బలపంతో గబగబా రాసి చూపించారు.

"నా గొంతు ఎవరో ఎత్తుకుపోయారు."

టైపిస్టు దాన్ని రెండుసార్లు చదివాడు. "గొంతు డాక్టరు ఎదురు వరుసలో ఉంటారండీ. ఇది డిటెక్టివ్ ఆఫీసు," అన్నాడు మర్యాదగా.

"తెలిసే వచ్చాం నాయనా," అంది భార్య. "డాక్టర్లందరూ అయిపోయారు. ఇంక మీరే మిగిలారు."

తూకమ్మకి అసలు పేరు వేరే ఉంది. తలుపు మీద బోర్డులో రాసుంది కూడా. కానీ ఎవరూ ఆ పేరుతో పిలవరు. ముప్ఫై ఏళ్ళు పార్సిళ్ళ కౌంటరులో పనిచేసిన మనిషి ఆవిడ. పెట్టె చేతిలోకి తీసుకుంటే చాలు, బరువు చెప్పేసేది. తర్వాత తక్కెడలో పెడితే ముల్లు ఆవిడ చెప్పిన దగ్గరే ఆగేది. పార్సిల్ లోపల ఏముందో, పంపినవాళ్ళు అబద్ధం రాశారో నిజం రాశారో కూడా చెప్పేసేది. అలా తూకమ్మ అయింది, అలాగే డిటెక్టివూ అయింది. ఊళ్ళో టైపు మిషన్లు మూలపడ్డాక టైపిస్టు ఆవిడ దగ్గర చేరాడు. మాటలను కూడా ఆవిడ చేత్తో తూచగలదని అతని నమ్మకం.

"కూర్చోండి. మొదటినించీ చెప్పండి," అంది తూకమ్మ.

భార్య చెప్పింది. ఎక్కడైనా తప్పు దొర్లితే ఆయన పలక ఎత్తి సరిదిద్దారు.

ఆయన ఇరవై ఆరేళ్ళు రైల్వే స్టేషన్లో అనౌన్సరు. ఏ బండి ఎక్కడికి వస్తుందో, ఎంత ఆలస్యమో ఊరంతా ఆయన గొంతులోనే విన్నది. ఆ గొంతులోనే గడ్డ లేచింది. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసేయాలన్నారు. ఆపరేషన్‌కి ముందు ఒక గొంతు ఇంజనీరు ఇంటికి వచ్చింది. వెయ్యి వాక్యాలు చదివి రికార్డు చేసి పెట్టుకుంటే, తర్వాత చిన్న మిషన్ మీద రాసిన ప్రతి మాటా ఆయన గొంతుతోనే పలికేలా చేస్తానంది. మూడు వారాలు ఆయన ఇంట్లో కూర్చుని చదివారు. నొప్పి ఉన్నా చదివారు.

"రోజూ వాడుకునే మాటలే చదవమంది ఆ ఇంజనీరమ్మ. తలుపేయ్, మంచినీళ్ళియ్యి, ఇలాంటివే. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లోనే రికార్డు చేశాం. కానీ దాని లోపలి డిస్కు ముసలిదైపోయింది. దాన్ని నమ్మలేక అంతా బయటి డిస్కులో దాచాం. ఇదిగో."

ఆవిడ సంచిలోంచి పేకముక్కల పెట్టె అంత నల్లటి డిస్కు, దాని తీగ తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంకో కాపీ పెట్టుకోలేదా?" అన్నాడు టైపిస్టు.

"పెడదాం పెడదాం అనుకుంటూనే ఆసుపత్రిలో చేరే రోజు వచ్చేసింది. పన్నెండు రోజులుండి మొన్న ఇంటికొచ్చాం. రేపు మధ్యాహ్నం ఇంజనీరమ్మ దీనికోసం వస్తుంది. సరే, ఒకసారి విందామని మా తమ్ముడి కంప్యూటర్‌కి పెట్టాం. టిక్కు టిక్కుమంటుంది తప్ప ఏమీ రాలేదు. డిస్కులు అప్పుడప్పుడు అలా చచ్చిపోతాయట. మా తమ్ముడూ అదే అన్నాడు, మా అమ్మాయీ అదే అంది. ఈయన మాత్రం వినరు. ఇది నాది కాదు, ఎవరో మార్చేశారు అంటారు."

అనౌన్సరు గారు పలక తుడిచి రాశారు. "నా డిస్కు తుమ్మెదలా సన్నగా రొద చేసేది. ఇది ముసలి గడియారంలా కొట్టుకుంటోంది. చెవులు నావే. అవి పోలేదు."

తూకమ్మ డిస్కుని అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "దీన్ని ఎప్పుడైనా తూచారా?"

భార్య ఆశ్చర్యపోయింది. "మీకెలా తెలుసు? ఆపరేషన్‌కి ముందు రోజు ఇంజనీరమ్మకి పార్సిల్ చేద్దామని వెళ్ళాం. కౌంటర్లో తూచి, చీటీ కూడా రాసిచ్చారు. ఆఖరి నిమిషంలో ఈయన మనసు మార్చుకున్నారు. గొంతుని పోస్టులో వేస్తే దార్లో పగిలిపోదూ, అని వెనక్కి తెచ్చేశారు. ఆ చీటీ ఫ్రిజ్ మీద అలాగే అంటించి ఉంది. ఎందుకైనా పనికొస్తుందని పొద్దున పీకి తెచ్చాను."

"ఎంతుంది?"

"నూట డెబ్బై రెండు గ్రాములు."

"ఇది నూట యాభై ఆరు," అంది తూకమ్మ.

టైపిస్టు ఇత్తడి తక్కెడ తెచ్చి తూచాడు. నూట యాభై ఆరు. ఎప్పటిలాగే మురిసిపోయాడు.

తూకమ్మ గట్టి అట్టముక్కని డిస్కు డొప్ప అంచులోకి దూర్చి నెమ్మదిగా తిప్పింది. డొప్ప టక్కున విడిపోయింది. లోపల పలచటి డిస్కు ఒకటి, దాని మూతికి తగిలించి బొటనవేలంత చిన్న బోర్డు. డిస్కుకి రెండు పక్కలా మరలు బిగించి విప్పిన గీతలు. డొప్పలో అది కదలకుండా నాలుగు మూలలా గులాబిరంగు ముద్దలు.

"బబుల్‌గమ్ము!" అన్నాడు టైపిస్టు.

తూకమ్మ ఒక ముద్దని వేళ్ళ మధ్య నలిపింది. చేతి వేడికే అది మెత్తబడింది. వాసన చూసి పక్కన పెట్టింది. "మీ చెవులు అబద్ధం చెప్పలేదండీ. దీన్ని ఎవరో మార్చారు. మీరు ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు ఇది ఎక్కడుంది?"

"కిటికీ దగ్గర బల్ల మీద. హడావిడిలో మర్చిపోయాను," అని రాశారాయన. "ఆపరేషన్ అయిన మూడో రోజు గుర్తొచ్చింది. అమ్మాయి వచ్చింది. లోపల పెట్టమన్నాను."

"ఏ మాటల్లో రాశారో సరిగ్గా అలాగే రాయండి."

ఆయనకి ఈ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. అయినా రాశారు. "బయటి డిస్కు లోపల పెట్టు."

"మరి అమ్మాయి పెట్టిందా?"

"పెట్టింది," అంది భార్య. "మేమొచ్చేసరికి బీరువాలోనే ఉంది."

తూకమ్మ ఆ పలక వంక చాలాసేపు చూసింది. ఆయన తుడవబోతే ఆపి, ఆ వాక్యాన్ని టైపిస్టు చేత కాగితం మీద రాయించుకుంది.

మెట్లు దిగేముందు అనౌన్సరు గారు వెనక్కి తిరిగారు. పలక మీద మూడే మాటలు. "దొరుకుతుందా? భయంగా ఉంది."

* * *

మధ్యాహ్నం ఇద్దరూ ఆ ఇంటికి వెళ్ళారు. ముందు గది కిటికీ పక్కనే భార్య తమ్ముడు గడియారాలు బాగుచేస్తూ కూర్చుని ఉన్నాడు. ఒంటికన్ను భూతద్దం తీయకుండానే తలెత్తాడు.

"రండి రండి. నా దగ్గర ఇరవై రెండు స్క్రూడ్రైవర్లున్నాయి, కాబట్టి దొంగని నేనే. అవునా?"

"నేనింకా ఏమీ అడగలేదు," అంది తూకమ్మ.

"మీరడగరు, చూస్తారు. నిన్నటినించీ మా బావ కూడా చూస్తున్నాడు. స్క్రూడ్రైవరున్నవాడు దొంగైతే, కూరగాయల కత్తి ఉన్న మా అక్కేమవ్వాలి?"

"ఒరేయ్, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోకు," అని అక్క లోపల్నించి కేకేసింది. "టీ పెడుతున్నాను. నోరు మూసుకుని తాగు."

"మూసుకుని ఎలా తాగుతానే?"

తూకమ్మ నవ్వి, అతని బల్ల మీద పనిముట్లు చూసింది. సన్నటి మొనలవి. వాటితో డొప్ప తెరిస్తే అంచు మీద గాట్లు పడతాయి. ఈ డొప్ప మీద ఒక్క గాటు లేదు.

"మీ బావగారు లేని రోజుల్లో ఇంటికి ఎవరొచ్చారు?"

"స్టేషన్నించి ఆ అమ్మాయి వచ్చింది, బావ కుర్చీలో కూర్చున్న కొత్త అనౌన్సరు. పళ్ళు తెచ్చింది. కిటికీ దగ్గరే కూర్చుంది. నేను టీ తేవడానికి లోపలికెళ్ళాను. ఆ తర్వాత దేవుడికే తెలియాలి."

కొత్త అనౌన్సరుకి కబురు పంపితే అరగంటలో వచ్చింది. తన మీద అనుమానమని తెలియగానే ఆమె మొహం ఎర్రబడింది.

"అసూయ ఉండేదండీ, లేదనను. నేను మైకు ముందు కూర్చున్న మొదటి నెల, 'పాత గొంతు ఏదమ్మా' అని ప్రయాణికులు వచ్చి అడిగేవారు. కానీ గురువుగారి గొంతు ఎత్తుకుపోయి నేనేం చేసుకుంటాను? ఆయన నేర్పిందే తింటున్నాను."

"ఏం నేర్పారు?"

"ఆగడం," అంది ఆమె. "మాట్లాడటం అందరికీ వచ్చు, ఎక్కడ ఆగాలో తెలిసినవాడే అనౌన్సరు అనేవారు. 'బండి నంబరు నలభై' అని ఆగాలి. ఆగాక 'రెండో ప్లాట్‌ఫాం' అనాలి. నేను మొదటి రోజు ఆగకుండా చదివేశాను. 'నలభై రెండో ప్లాట్‌ఫాం' అయింది. మా స్టేషన్లో ఉన్నవే మూడు! ఒక ముసలాయన సామాను మోసుకుంటూ ఆ చివరిదాకా వెళ్ళి వెతుక్కున్నాడు పాపం. రెండు నెలలు నన్ను ఏడిపించారు గురువుగారు."

వాలుకుర్చీలో కూర్చున్న అనౌన్సరు గారు నవ్వారు. చప్పుడు లేని నవ్వు. అది చూసి కొత్త అనౌన్సరు కళ్ళు తుడుచుకుంది.

అప్పుడే కూతురు పనినించి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. కళ్ళు వాచి ఉన్నాయి. భుజాన సంచీ దించకుండానే గోడవారగా నిలబడింది.

"ఏం పని చేస్తావమ్మా?" అని అడిగింది తూకమ్మ.

"పళ్ళ సెట్లు చేసే ల్యాబులో. కొలతలు తీసుకుని మైనంతో నమూనా చేస్తాను."

"భోజనమైందా?"

"అయిందండీ. డబ్బా తీసుకెళ్ళాను."

"కూర్చో. సంచీ ఇలా ఇయ్యి." తూకమ్మ సంచీ అందుకుని కుర్చీ పక్కన పెట్టింది. కూతురు వెంటనే దాన్ని ఒళ్ళోకి లాక్కుంది.

"డిస్కు బీరువాలో పెట్టింది నువ్వేనా?"

"నేనేనండీ. అప్పటికే పాడై ఉంటుంది. పాతదైతే చచ్చిపోతుంది కదా."

"నీ ల్యాప్‌టాప్ బాగానే ఉందా?"

కూతురు సంచీ మీద రెండు చేతులూ వేసింది. "రెండు వారాలైంది అది పోయి. లోపలి డిస్కు పోయింది. నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పుడే."

ల్యాప్‌టాప్ ఆమె గదిలో అలమరాలో ఉంది. టైపిస్టు దాన్ని తీయబోయి ఉలిక్కిపడి వెనక్కి గెంతాడు. పక్కనే రెండు వరుసల పళ్ళు, గులాబిరంగు చిగుళ్ళతో, అతని వంక చూసి ఇకిలిస్తున్నాయి.

"అవి కరవవులెండి, ఇంకా అమ్మకి అప్పగించలేదు," అంది కూతురు. అంత దిగులులోనూ ఆ మాట అలవాటుగా వచ్చేసింది. తర్వాత మళ్ళీ మొహం ముడుచుకుపోయింది.

తూకమ్మ ల్యాప్‌టాప్‌ని చేతిలోకి తీసుకుంది. ఒకసారి ఈ చేతికీ ఒకసారి ఆ చేతికీ మార్చింది. ఎక్కడిదక్కడ పెట్టేసింది.

* * *

సాయంత్రం ఇద్దరూ డిస్కులు బాగుచేసే దుకాణానికి వెళ్ళారు. అక్కడి మెకానిక్కు డొప్పలోని డిస్కు వంక చూసి పెదవి విరిచాడు.

"ఇది ల్యాప్‌టాప్ లోంచి పీకింది. పక్కన మరల గీతలు కనిపించట్లా? ఎప్పుడో చచ్చిపోయింది. దీన్నెందుకు డొప్పలో పెట్టారు, చచ్చినవాడికి చొక్కా తొడిగినట్టు?"

"డిస్కు సంగతి సరే. ఈ చిన్న బోర్డు ఏమిటి?"

అతను భూతద్దం పెట్టి చూశాడు. మొహం మారింది. "ఇది మొదట్నించీ ఈ డొప్పలోదేనా? అసలు డిస్కుతో వచ్చిందేనా?"

"అవును."

"దీన్ని పారేయలేదు కదా! అదృష్టవంతులు."

వాళ్ళిద్దరూ ఇంకో పది నిమిషాలు మాట్లాడుకున్నారు. టైపిస్టు బయట నిలబడి గొడుగు దులుపుకుంటున్నాడు కాబట్టి వినలేదు. బయటికొచ్చేసరికి తూకమ్మ మొహం తేటపడి ఉంది.

"దొంగ దొరికాడా మేడం?"

"దొంగ లేడు."

"మరి గొంతు?"

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నారు," అంది తూకమ్మ. "రేపు పొద్దున పదింటికి అందరినీ ఆ ముందు గదిలో కూర్చోబెట్టు. ఈ మెకానిక్కు కూడా వస్తాడు. మన ఆఫీసు కంప్యూటర్ మోసుకురావడం నీ వంతు."

* * *

పొద్దున పదింటికి అందరూ కూర్చున్నారు. అనౌన్సరు గారు వాలుకుర్చీలో, భార్య ఆయన పక్కన స్టూలు మీద. తమ్ముడు బల్ల దగ్గర. కొత్త అనౌన్సరు డ్యూటీ మార్పించుకుని వచ్చింది. కూతురు తలుపు దగ్గర, ఒళ్ళో సంచీ. మెకానిక్కు మూలన నిలబడ్డాడు.

తూకమ్మ నల్లటి డొప్పని బల్ల మీద పెట్టింది.

"మొదట బరువు సంగతి. పార్సిల్ చీటీలో నూట డెబ్బై రెండు. ఇప్పుడు నూట యాభై ఆరు. గొంతు పోయినంత మాత్రాన పదహారు గ్రాములు తగ్గదు. అంటే లోపలి వస్తువే వేరు. అది ల్యాప్‌టాప్ లోంచి తీసిన పలచటి డిస్కు. ఈ ఇంట్లో ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంది. నిన్న దాన్ని ఎత్తి చూశాను. ఉండాల్సిన బరువు లేదు. దాని కడుపు ఖాళీ."

తమ్ముడు భూతద్దం తీసేశాడు. భార్య కూతురి వైపు తిరగబోయింది. తూకమ్మ చెయ్యెత్తింది.

"ఆగమ్మా. ఆగడం ఎంత ముఖ్యమో నిన్న ఈ అమ్మాయి చెప్పింది. నేను ఇంకా ఎవరి పేరూ చెప్పలేదు." ఆవిడ జేబులోంచి కాగితం తీసి కొత్త అనౌన్సరుకి ఇచ్చింది. "ఇది మీ గురువుగారు ఆసుపత్రిలో పలక మీద రాసిన మాట. ఆయన గొంతు ఉంటే ఎలా అనేవారో అలా చదువు. కిటికీ దగ్గర డిస్కు వదిలేసి వచ్చారు, ఎండా వానా తగులుతుందని ఆయన కంగారు."

కొత్త అనౌన్సరు కాగితం చూసింది. గొంతు సవరించుకుంది. "బయటి డిస్కు..." అని ఆగి, "లోపల పెట్టు," అంది.

అనౌన్సరు గారు తల ఊపారు. అదే, అదే.

"బాగుంది. ఇప్పుడు ఇంకోలా చదువు. ఒక కూతురు వచ్చి మంచం పక్కన కూర్చుంది. 'నాన్నా, నా ల్యాప్‌టాప్ లోపలి డిస్కు పోయింది, ఇప్పుడేం చేయను?' అని అడిగింది. తండ్రికి గొంతు లేదు. పలక తీసుకుని ఇదే మాట రాసి చూపించాడు. ఆ కూతురికి ఎలా వినిపిస్తుందో అలా చదువు."

కొత్త అనౌన్సరు పెదవులు కదిలాయి. కళ్ళు పెద్దవయ్యాయి. ఎక్కడా ఆగకుండా, మొదటి మాట మీద బరువు వేసి చదివింది. "బయటి డిస్కు లోపల పెట్టు."

తమ్ముడి బల్ల మీద గడియారాలు ఒకదానితో ఒకటి పొంతన లేకుండా కొట్టుకుంటున్నాయి.

"అవే నాలుగు మాటలు," అంది తూకమ్మ. "ఒకరికి బీరువా లోపల. ఇంకొకరికి ల్యాప్‌టాప్ లోపల. గొంతుంటే ఈ పొరపాటు జరిగేదే కాదు. అనౌన్సరు గారూ, మీ గొంతు పోయిన మొదటి వారంలోనే దాని అవసరం పడింది."

సంచీ జారి కిందపడింది. కూతురు రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"నేను నాన్నకి చెప్పలేకపోయాను," అంది. మాట మధ్యలో వెక్కిళ్ళు. "ఫ్రిజ్ మీద పార్సిల్ చీటీ చూశాను. గొంతు ఇంజనీరమ్మకి చేరిపోయింది, ఆవిడ దించుకుని డిస్కు తిరిగి పంపేసింది అనుకున్నాను. ఇంక ఇది ఖాళీది కదా, నన్ను వాడుకోమంటున్నారు నాన్న అని... డొప్ప విప్పి ల్యాప్‌టాప్‌లో బిగించాను. పెట్టగానే, ఈ డిస్కుని గుర్తించలేకపోతున్నాను, కొత్తగా సిద్ధం చేయమంటారా అని అడిగింది. అవును అని నొక్కబోతున్నాను. అప్పుడే, ఆసుపత్రికి భోజనం తీసుకెళ్ళడానికి ఇంటికొచ్చిన అమ్మ వంటింట్లోంచి ఫోన్లో అంటోంది, 'గొంతు డిస్కు ఇంకా మా దగ్గరే ఉందమ్మా, మీరొచ్చి తీసుకెళ్ళండి' అని."

"నొక్కావా?" అన్నాడు మెకానిక్కు ఆత్రంగా.

"లేదు. వెంటనే డిస్కు పీకేశాను. మా ల్యాబు కంప్యూటర్‌కి పెట్టి చూశాను. అక్కడా ఏమీ లేదు. అంతా ఖాళీ. నేను లోపల పెట్టడంవల్లే చెరిగిపోయిందనుకున్నాను. నాన్న మూడు వారాలు నొప్పితో... నేను ఒక్క పూటలో..."

"అందుకని చచ్చిన డిస్కుని డొప్పలో పెట్టావు," అంది తూకమ్మ మెల్లగా. "దానంతటదే చచ్చిపోయిందనుకుంటారు, ఎవరి తప్పూ ఉండదు అని. అది కాస్త పలచన. డొప్పలో గలగలలాడింది. నీ చేతికి అలవాటైన వస్తువుతో నాలుగు మూలలా దిమ్మలు కట్టావు. చిగుళ్ళ మైనం. డొప్పకి గాటు పడలేదు, ఎందుకంటే ఆ చేతులు రోజూ నోట్లో గుచ్చుకోని వస్తువులు చేసే చేతులు. ఇక అసలు డిస్కు. నిన్న నీ సంచీ పట్టుకున్నాను. తిని ఖాళీ చేసిన డబ్బా అంత బరువుండదమ్మా."

కూతురు సంచీలోంచి పళ్ళ సెట్టు పెట్టే డబ్బా తీసింది. మూత తెరిచింది. పళ్ళు ఉండాల్సిన చోట దూదిలో చుట్టిన డిస్కు ఉంది.

"ఆరు దుకాణాల్లో అడిగాను. ఖాళీ డిస్కు, ఏమీ లేదు అన్నారు అందరూ."

"వాళ్ళు అబద్ధం చెప్పలేదు," అంది తూకమ్మ. "డిస్కు ఒక్కటే తీసుకెళ్ళావు కాబట్టి వాళ్ళకి ఖాళీగానే కనబడింది. మెకానిక్ గారూ, నిన్న నాతో అన్న ముక్క వీళ్ళకి చెప్పండి."

మెకానిక్కు ముందుకు వచ్చి డొప్పలోని చిన్న బోర్డుని చూపించాడు. "ఇది దుబాసీ అండీ. కొన్ని బయటి డిస్కుల్లో ఈ బోర్డు ఏం చేస్తుందంటే, మనం ఇచ్చిన మాటని తన సొంత భాషలోకి మార్చి డిస్కు మీద రాస్తుంది. మళ్ళీ అడిగితే మన భాషలోకి మార్చి ఇస్తుంది. దుబాసీని ఇక్కడ వదిలేసి డిస్కుని ఒక్కదాన్నే ల్యాప్‌టాప్‌లో పెడితే, ల్యాప్‌టాప్‌కి ఆ భాష రాదు. ఖాళీ అనుకుంటుంది. చదవడం రానివాడికి పుస్తకం నిండా గీతలే కదా! అందుకని మాటలు లేవంటామా?"

"అంటే?" అంది భార్య. స్టూలు మీంచి లేచి నిలబడింది.

"అమ్మాయి 'అవును' నొక్కి ఉంటే పోయేది. నొక్కలేదు కాబట్టి ఉండాలి."

అతను చచ్చిన డిస్కుని విడదీశాడు. దూదిలోని డిస్కు అందుకుని బోర్డు మూతికి తగిలించాడు. టైపిస్టు మోసుకొచ్చిన కంప్యూటర్‌కి తీగ పెట్టాడు. టిక్కు టిక్కు లేదు. సన్నగా, తుమ్మెద లాంటి రొద మొదలైంది. అనౌన్సరు గారు వాలుకుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు.

తెర మీద ఫైళ్ళు వరుసగా వచ్చాయి. ఒకటి, రెండు, మూడు... కిందికి వెయ్యి దాకా. మెకానిక్కు మధ్యలో ఒకదాన్ని నొక్కాడు.

గది నిండా ఒక గొంతు నిండుగా, తీరిగ్గా పలికింది. ఒక్కో మాటా ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది.

"ఏమేవ్... నా కళ్ళజోడు ఎక్కడ పెట్టావ్?"

"మీ నుదుటి మీదే ఉంది కదండీ!" అంది భార్య విసుగ్గా, ముప్ఫై ఏళ్ళ అలవాటు కొద్దీ. ఆ తర్వాత గాని ఆమెకి తెలియలేదు, తాను ఎవరికి జవాబు చెప్పిందో. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అనౌన్సరు గారు నుదురు తడుముకున్నారు. కళ్ళజోడు అక్కడే ఉంది.

తమ్ముడు మొదట నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. ఎవరు నవ్వుతున్నారో ఎవరు ఏడుస్తున్నారో టైపిస్టుకి తెలియలేదు. తన సంగతీ తెలియలేదు.

కూతురు వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుంది. "నాన్నా, నన్ను తిట్టు."

ఆయన పలక తీసుకుని రాశారు. "దేనికి? ఆ రోజు నువ్వు ల్యాప్‌టాప్ గురించి ఏదో అన్నావు. నేను వినలేదు. నా ధ్యాసంతా కిటికీ మీదే. చెవులు ఉండి కూడా వినలేదు." తుడిచి మళ్ళీ రాశారు. "తిట్లు కూడా రికార్డు చేశాను. ఇంజనీరమ్మ మిషన్ ఇచ్చాక వినిపిస్తా. ఓపిక పట్టు."

"ఏ నంబర్లో ఉన్నాయి బావా? ఇప్పుడే వింటాం," అన్నాడు తమ్ముడు.

"నీవి వేరే ఫైల్లో ఉంటాయిలే," అంది అక్క.

మెకానిక్కు మొత్తం రెండు కాపీలు తీశాడు. ఒకటి కంప్యూటర్లో, ఇంకొకటి తన జేబులోంచి తీసిన చిన్న కడ్డీలో. మధ్యాహ్నం ఇంజనీరమ్మ వస్తే ఆ కడ్డీ ఇస్తే చాలు. నల్లటి డొప్ప మూసి బల్ల మీద పెట్టాడు. తూకమ్మ దాన్ని ఒకసారి అరచేతిలోకి తీసుకుని బరువు చూసింది. నూట డెబ్బై రెండు. తృప్తిగా కింద పెట్టేసింది.

"మేడం, అయితే గొంతు బరువు పదహారు గ్రాములన్నమాట," అన్నాడు టైపిస్టు.

"ఇప్పుడా అమ్మాయి మొహం చూసి చెప్పు, ఎంత బరువు దిగిందో," అంది తూకమ్మ.

అనౌన్సరు గారు పలక ఎత్తారు. మళ్ళీ అదే వాక్యం. కానీ ఈసారి రెండో మాట తర్వాత, ఎవరికీ అనుమానం రాకుండా, పలక సగం దాకా పొడుగ్గా ఒక గీత గీశారు.

"బయటి డిస్కు ———— లోపల పెట్టు."

కూతురు చదివింది. గీత దగ్గర ఆగింది. డిస్కు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు, తాళం తిప్పిన చప్పుడు, మూడూ ముందు గదిలోకి స్పష్టంగా వినిపించాయి. అనౌన్సరు గారు కళ్ళు మూసుకుని ఆ మూడూ విన్నారు.